బాండ్ సినిమాలు జట్టుగా మళ్లీ చూడ్డం, చూశాక తెగేదాకా వాదించుకోవడం ఎలా

జేమ్స్ బాండ్ సినిమాలు మొత్తం 25. 1962లో డాక్టర్ నోతో మొదలై 2021లో నో టైమ్ టు డై దాకా వచ్చేసరికి ఆరుగురు హీరోలు మారారు: షాన్ కానరీ, జార్జ్ లాజెన్‌బీ, రోజర్ మూర్, తిమోతీ డాల్టన్, పియర్స్ బ్రాస్నన్, డేనియల్ క్రేగ్. ఇవన్నీ స్నేహితులతో కూర్చుని మళ్లీ చూడాలి, ఏది గొప్పదో తేల్చుకోవాలి అని చాలామందికి ఉంటుంది. మొదలుపెడతారు కూడా. డాక్టర్ నో నుంచి వరసగా పోతారు, నాలుగోదైన థండర్‌బాల్‌లో నీళ్ల కింద ఫైటింగు ఎంతకీ తెమలక ఇద్దరు నిద్రపోతారు, ఆ తర్వాతి వారం ఒకరికి పెళ్లి, ఇంకొకరికి నైట్ డ్యూటీ, అంతటితో జట్టు చెదిరిపోతుంది. ఒకవేళ నిలబడినా ఇంకో చిక్కుంది. "మా కానరీ", "మా క్రేగ్" అని మొదలవుతుంది. కడపలో పుట్టి పెరిగినవాళ్లకు హీరోల అభిమానుల గొడవలు ఎట్లుంటాయో నేను చెప్పక్కర్లేదు. హీరో పేరు మీద మొదలైన మాట ఎక్కడికీ పోదు, అరుపుల దగ్గరే ఆగిపోతుంది. అదే ఒక సీన్ మీద మొదలైతే రాత్రి రెండింటిదాకా సాగుతుంది, మర్నాడు ఆఫీసులో కూడా మనసులో తిరుగుతూ ఉంటుంది. కింద రాసిందంతా ఆ రెండో రకం వాదన కోసం.

మొదట జట్టు

అయిదారుగురు చాలు. పదిమందైతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు, ముగ్గురైతే ఒక్కరు రాకపోయినా ఆ వారం పోయినట్లే. అందరూ ఒకే వయసు, ఒకే కాలేజీ బ్యాచ్ కాకుండా చూసుకోండి. క్రేగ్ సినిమాలతో మొదలుపెట్టిన కుర్రాళ్లు ఉండాలి, రోజర్ మూర్‌ను ఆ రోజుల్లోనే తెర మీద చూసిన పెద్దాయన ఒకరుండాలి, మధుబాబు షాడో నవలలు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివేసిన మామయ్య ఉంటే ఇంకా మంచిది, గూఢచారి కథ ఎక్కడ బిగుస్తుందో ఎక్కడ జారుతుందో ఆ తరానికి బలే పట్టుబడి ఉంటుంది. ఒక్క బాండ్ సినిమా కూడా చూడనివాళ్లు ఒకరైనా కావాలి. "బాండ్ కదా, అట్లే ఉంటుందిలే" అని మనం వదిలేసే చోట వాళ్లు ఆగి, ఎందుకట్లా అని అడుగుతారు, చాలాసార్లు అసలు చర్చ ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. అక్కనో వదిననో బతిమాలి ఒక మూల కూర్చోబెట్టడం కాదు, ఏ సినిమా పెట్టాలో ఎంచుకునే వంతు వాళ్లకూ రావాలి. ఎందుకో కింద చెప్తాను.

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకునే మిత్రుల్ని వదిలేయొద్దు. వాళ్లు ఆ సినిమా వాళ్ల ఇంట్లోనే చూసేసి, వాదన మొదలయ్యే టైముకు వీడియో కాల్‌లో వస్తే సరిపోతుంది. సినిమా కూడా కాల్‌లోనే కలిసి చూద్దామంటే కుదరదు, ఒకరి దగ్గర ఆగుతుంది, ఇంకొకరి దగ్గర ముందుకు పోతుంది, అందరికీ విసుగొస్తుంది.

చోటు, టైము, తిండి

ఎండాకాలం అయితే మిద్దె మీద పెట్టుకోండి. మే నెలలో పొద్దుగూకాక కూడా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది కాబట్టి సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు చల్లి, ఎనిమిది దాటాక మొదలుపెట్టండి. తెరగా దుప్పటి కట్టేట్లయితే నాలుగు మూలలా బిగించి, కింద అంచుకు ఇటుకలు పెట్టండి, లేకపోతే గాలికి బాండ్ మొహం అలలు అలలుగా ఊగుతుంది. కానీ అన్ని సినిమాలూ మిద్దె మీదికి పనికిరావు. స్కైఫాల్‌లో షాంఘై ఫైటు దాదాపు నీడల్లోనే జరుగుతుంది, అద్దాల మేడ, వెనక నీలం నియాన్ వెలుగు, ముందు రెండు నల్లటి ఆకారాలు. కెమెరామన్ రోజర్ డీకిన్స్ ప్రాణం పెట్టి తీసిన ఆ సీన్ వీధిలైటు వెలుతురులో ఏమీ కనపడదు. అట్లాంటి వాటిని హాల్లో టీవీ మీద, లైట్లన్నీ ఆపి చూడండి. మూర్ సినిమాలు మంచు, సముద్రం, ఎండ కాబట్టి మిద్దె మీద హాయిగా కనపడతాయి.

ఓటీటీలో ఏది ఎక్కడుందో మారుతూ ఉంటుంది. సినిమా ఖాయం చేసుకున్న రోజే ఉందో లేదో చూసుకుని, వీలైతే ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద టీవీ, రూటరు రెండూ నడుస్తాయో లేదో ఆ రోజు కాదు, ముందు రోజే పరీక్షించండి.

బొరుగులు, మిరపకాయ బజ్జీలు ఏవైనా సినిమాకు ముందే. కారం దోశ తర్వాత. చేతికి ఎర్రకారం అంటుకున్నవాళ్లు సబ్‌టైటిళ్లు చదవరు. జట్టులో రోజా ఉండే మిత్రులుంటే రంజాన్ నెలలో తరావీ నమాజు అయ్యాక పెట్టుకోండి, లేదంటే ఆ నెలకు అందరూ కలిసి ఆపేయండి, వాళ్లు లేకుండా నడిపించొద్దు.

పిల్లలు కూడా కూర్చుంటారంటే మూర్ సినిమాల్లోంచే ఎంచుకోండి. క్రేగ్ కసీనో రాయల్‌లో హింసపెట్టే సీను పెద్దవాళ్లకే ఇబ్బందిగా ఉంటుంది, లైసెన్స్ టు కిల్‌కైతే బ్రిటన్‌లోనే 15 ఏళ్లు నిండినవాళ్లకని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. క్రేగ్ సినిమాలు కొన్నింటికి తెలుగు డబ్బింగ్ ఉంది, చూడొచ్చు, కానీ వాదించుకోబోయే రోజు మాత్రం అందరూ ఇంగ్లిష్ ఆడియో, సబ్‌టైటిళ్లతోనే చూడండి. బాండ్ సగం గొంతులోనే ఉంటాడు. కానరీ ఒక మాట అని వదిలేసే తీరు, మూర్ కనుబొమ్మ ఎత్తి అనే తీరు డబ్బింగ్‌లో ఒకటే అయిపోతాయి, అప్పుడు ఇద్దరికీ తేడా ఏముందని వాదిస్తారు? అట్లాగే ఎవరు ఏ వెర్షన్ చూశారో ముందే తేల్చుకోవాలి. 2015లో స్పెక్టర్ మన దేశంలో విడుదలైనప్పుడు సెన్సారు వాళ్లు ముద్దు సీన్లు కత్తిరించారు. థియేటర్లో చూసినవాళ్లు, తర్వాత ఇంట్లో చూసినవాళ్లు ఒకే సినిమా చూడలేదన్నమాట.

వరసలో చూడొద్దు, జంటలుగా చూడండి

ఒకటి నుంచి 25 దాకా వరసగా చూడాలనే పట్టుదల వదిలేయండి. బాండ్ సినిమాల్లో చాలా భాగం ఒకదానికొకటి కొనసాగింపు కాదు, క్రేగ్ అయిదూ మాత్రం ఒకే కథగా నడుస్తాయి, వాటిని కొత్తవాళ్లకు వరసగానే చూపించాలి. మిగతావాటికి నేను చెప్పేది ఒకటే. రెండు సినిమాల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు వాటి మధ్య ఒక ప్రశ్న ఉండాలి. శనివారం ఒకటి, ఆదివారం ఇంకొకటి, ఆదివారం రాత్రే వాదన. ఒకే రాత్రి రెండూ పెట్టుకుంటే రెండో సినిమాకు అన్యాయం జరుగుతుంది.

మొదటి జంటగా గోల్డెన్‌ఐ (1995), కసీనో రాయల్ (2006) పెట్టండి. రెండింటికీ దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్లే. రెండుసార్లూ కొత్త హీరోను జనానికి ఒప్పించే బరువు ఆయన మీదే పడింది. మొదటిదాంట్లో బ్రాస్నన్ స్టంట్‌మన్ స్విట్జర్లాండ్‌లోని ఒక పెద్ద డ్యామ్ మీంచి తాడు కట్టుకుని దూకుతాడు, ఆకాశమంత హుషారు. రెండోదాంట్లో బ్లాక్ అండ్ వైట్‌లో, ఇరుకు బాత్రూమ్‌లో, ఒక మనిషిని చంపడానికి క్రేగ్ పడే కష్టం చూపిస్తాడు. ఒకే దర్శకుడు పదకొండేళ్ల తేడాతో 'వీడే బాండ్' అని చెప్పడానికి రెండు పూర్తి వేరు దారులు తొక్కాడు. ఏది ఎక్కువ నమ్మించింది? కొత్తవాళ్లు, పాతవాళ్లు అందరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరు, అందుకే దీంతో మొదలుపెట్టమంటున్నాను.

రెండో జంట యు ఓన్లీ లివ్ ట్వైస్ (1967), ది స్పై హూ లవ్డ్ మి (1977). రెండింటికీ దర్శకుడు ఒకరే, లూయిస్ గిల్బర్ట్. 67లో ఒక అంతరిక్ష నౌక ఇంకో నౌకను మింగేస్తుంది, 77లో ఒక పెద్ద ట్యాంకరు ఓడ జలాంతర్గాముల్ని మింగేస్తుంది. రెండింట్లోనూ అమెరికా, రష్యాల మధ్య చిచ్చు పెట్టడమే విలన్ పని. కథ ఒకటే, మరి రెండోది ఎందుకంత తేలిగ్గా పరుగెత్తుతుంది? సెట్లు చూసుకోండి, రెండూ కెన్ ఆడమ్ వేసినవే. మొదటిదానికి అగ్నిపర్వతం లోపలి స్థావరం కట్టాడు, రెండోదానికైతే ట్యాంకరు లోపలి భాగం పట్టేంత స్టూడియో లేక పైన్‌వుడ్‌లో కొత్తగా ఒక స్టేజే కట్టాల్సి వచ్చింది. ఈ జంటకు మూన్‌రేకర్ (1979) కూడా కలుపుకోవచ్చు, అదీ గిల్బర్ట్‌దే, అదే ఎత్తుగడ మూడోసారి.

తర్వాత లైసెన్స్ టు కిల్ (1989), క్వాంటమ్ ఆఫ్ సొలేస్ (2008). రెండూ పగ కథలు, రెండింట్లోనూ బాండ్ పై అధికారుల మాట కాదని పోతాడు. పగ కథ ఎట్లుండాలో మన సినిమాలు చూసి పెరిగిన రాయలసీమ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఈ జంట దగ్గర మన జట్లు చాలా బాగా మాట్లాడతాయి. క్వాంటమ్ 106 నిమిషాలే, మొత్తం సిరీస్‌లో అతి చిన్నది. హాలీవుడ్ రచయితల సమ్మె టైములో తీశారు కాబట్టి స్క్రిప్టు సరిగా పూర్తికాకుండానే షూటింగుకు పోయారు. ఆ సంగతి తెలిశాక దాన్ని క్షమించాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి. నా మట్టుకు నేను క్షమించను, తెర మీద ఉన్నదే సినిమా.

ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్ (1969), నో టైమ్ టు డై (2021) జంటను మాత్రం చివరికి దాచుకోండి. మొదటిదాంట్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాట రెండోదాంట్లో మళ్లీ వినిపిస్తుంది. 52 ఏళ్ల తర్వాత ఆ పాట ఎందుకు వాడారో ముందే ఎవరూ చెప్పొద్దు. మొదటిసారి చూసేవాళ్లకు అది తగలాల్సిన చోట తగలాలి.

1983 సంగతి విడిగా చెప్పాలి. ఆ ఏడాది ఇద్దరు బాండ్‌లు పోటీపడ్డారు. జూన్‌లో మూర్ ఆక్టోపసీ, అక్టోబరులో కానరీ నెవర్ సే నెవర్ అగెయిన్. ఈ రెండోది వేరే నిర్మాతలది, 25 లెక్కలోకి రాదు, థండర్‌బాల్ కథ హక్కుల గొడవలోంచి పుట్టింది కాబట్టి అదే కథ మళ్లీ తీశారు. ఆక్టోపసీలో సగం మన ఉదయ్‌పూర్‌లోనే జరుగుతుంది, టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ రాకెట్‌తో రౌడీల్ని కొడుతుంటే చుట్టూ ఉన్న జనం తలలు మ్యాచ్ చూసినట్లు అటూ ఇటూ తిప్పుతారు, కబీర్ బేడీ ఎగిరే విమానం మీదికెక్కి పోట్లాడతాడు. మనవాళ్లు దీన్ని నవ్వులాటగా కొట్టిపారేస్తారు. దాన్నంత తేలిగ్గా వదలొద్దు. చివర్లో బాండ్ జోకర్ వేషంలో, మొహమంతా రంగు పూసుకుని, అణుబాంబు పేలబోతోందని అరుస్తుంటే సర్కస్ చూసే జనం నవ్వుతారు, ఒక్కరూ నమ్మరు. మూర్ చేసిన ఏడు సినిమాల్లో ఇంత టెన్షన్ పెట్టిన సీను ఇంకోటి లేదని నా నమ్మకం.

చూసేటప్పుడు ఏం పట్టుకోవాలి

తలా ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకుంటామంటే ఒప్పుకోవద్దు, ఒకసారి చేతిలోకి వచ్చిన ఫోను మళ్లీ కిందికి పోదు.

అన్నీ రాయక్కర్లేదు. పేర్లు పడేముందు వచ్చే సీను ఏం చేసింది, విలన్‌కు అసలేం కావాలి, బాండ్ సొంత తెలివితో ఎక్కడ బయటపడ్డాడు, ఎక్కడ అదృష్టం కొద్దీ బయటపడ్డాడు. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. ప్రతి సినిమాలోనూ అదృష్టం లెక్క రాసిపెట్టుకుంటే నెల తిరిగేసరికి మీ అభిప్రాయాలు చాలావరకు మారిపోతాయి.

ఎట్లా చూడాలో ఒక సీను పెట్టి చెప్తాను. ఫ్రమ్ రష్యా విత్ లవ్ (1963)లో రైలు ఫైటు. దానికి చాలా ముందు, లండన్ ఆఫీసులో, ఒక నల్లటి బ్రీఫ్‌కేసు తెచ్చి చూపిస్తారు. అందులో విసిరే కత్తి, తుపాకీ, 50 బంగారు నాణేలు, పౌడరు డబ్బాలా కనపడే గ్యాసు డబ్బా. మామూలుగా తెరిస్తే ఆ గ్యాసు మొహం మీదే పేలుతుంది, లాకులు ముందు అడ్డంగా తిప్పి ఆ తర్వాత తీయాలి. ఆ సీను నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది, కొత్తగా చూసేవాళ్లు మర్చిపోతారు కూడా. తర్వాత రైల్లో గ్రాంట్ అనేవాడు ఇంగ్లిష్ ఏజెంటులా నటిస్తూ వస్తాడు, భోజనం దగ్గర చేపకు ఎర్ర వైను తెప్పించుకుంటాడు, బాండ్ చూస్తాడు గానీ అప్పటికి అర్థం చేసుకోడు. కాసేపటికి బాండ్ మోకాళ్ల మీద ఉంటాడు, తుపాకీ గ్రాంట్ చేతిలో. ఇక్కడ ఆపి జట్టును అడగండి, ఇప్పుడితని దగ్గర ఏముంది? బాండ్ బంగారం ఆశ చూపిస్తాడు. గ్రాంట్‌కు ఆ ఆశ పుడుతుంది, ఇంకో బ్రీఫ్‌కేసులో కూడా ఉంటాయా అని అడుగుతాడు, బాండ్‌ను తాకనివ్వకుండా తానే మామూలుగా తెరుస్తాడు. గ్యాసు పేలుతుంది. అప్పుడు మొదలయ్యే కొట్లాట ఒక పడకల పెట్టెలో, ఇద్దరు పెద్ద మనుషులు చేయి చాచడానికి కూడా చోటు లేకుండా, నీలం వెలుతురులో జరుగుతుంది. చివరికి అదే బ్రీఫ్‌కేసులోని కత్తి పనికొస్తుంది. ఇందులో అదృష్టం ఎంత? నన్నడిగితే దాదాపు లేదు. ఎదుటివాడి దురాశను చదివి, తన దగ్గరున్న ఒకే ఒక్క ఉపాయాన్ని వాడి చేతే తెరిపించాడు. ఇదీ గూఢచారి చేసే పని.

ఇప్పుడు దీన్ని కొలబద్దగా పెట్టుకుని, బ్రాస్నన్ డై అనదర్ డే (2002)లో కనపడకుండా పోయే కారును చూడండి. ముందే చూపించారు, తర్వాత వాడారు, లెక్క ప్రకారం రెండూ ఒకటే. అయినా ఒకటి మనసుకు పడుతుంది, ఇంకోటి పడదు. ఎందుకో ఆ రాత్రి మాట్లాడుకోండి.

వాదన ఎట్లా నడపాలి

సినిమా అయిపోగానే ఎవరూ తీర్పు చెప్పకూడదు. దోశలు తినేంతసేపు వేరే మాటలు మాట్లాడుకోండి. తర్వాత ఒక్కొక్కరు ఒక్క సీను చెప్పాలి, నచ్చిందైనా నచ్చనిదైనా, ఎందుకో ఒక్క మాటలో. అందరి వంతూ అయ్యాకే 'బాగుంది', 'బాగాలేదు' అనే మాటలు బయటికి రావాలి. మొదట కొత్తవాళ్లు, చివర పెద్దవాళ్లు మాట్లాడాలి. మన దగ్గర పెద్దాయన ముందే ఒక మాట అనేస్తే చిన్నవాళ్లు దాన్ని కాదనడానికి మొహమాటపడతారు, చర్చ అక్కడితో చచ్చిపోతుంది.

గోల్డ్‌ఫింగర్ (1964) పెట్టిన రోజు ఎట్లుంటుందో చూడండి. అందరూ నంబర్ వన్ అనే సినిమా. మాటలు ఇట్లా సాగుతాయి.

"గోల్డ్‌ఫింగర్‌ను మించింది ఏముందిప్పా?"

"అన్నా, సగం సినిమా బందీగానే ఉండాడు గదా, బాండ్ ఏం చేసినాడు అందులో?"

"ఏం చేసినాడంటే... విలన్‌ను ఓడించినాడు."

"యాడ ఓడించినాడన్నా? బయటికి పంపిన చీటీ కారుతో పాటు నుజ్జయిపోయింది. గ్యాసు మార్చిందేమో ఆ విమానాలామె. బాంబు ఆపింది ఎవరో ఆఫీసరు, అంకె 007 దగ్గర నిలబడితే ఈయన ఊరికే చూస్తా ఉన్నాడు."

ఇది గట్టి దెబ్బ. చిన్నవాడు గెలిచినట్లే ఉంటుంది. కానీ పెద్దాయన కూడా సీన్‌తోనే జవాబివ్వాలి, కానరీ స్టైలు గురించి కాదు. జవాబు ఉంది కూడా. లేజర్ కిరణం కాళ్ల మధ్యకు వచ్చేటప్పుడు బాండ్‌కు తెలిసింది 'గ్రాండ్ స్లామ్' అనే రెండు ముక్కలే, దాని అర్థం కూడా తెలియదు, ఆ రెండు ముక్కలతోనే బెదిరించి ప్రాణం దక్కించుకుంటాడు. తర్వాత, అమెరికా ప్రభుత్వం ఫోర్ట్ నాక్స్‌లో దాచిన బంగారాన్ని ఎత్తుకుపోవడం కాదు, అణుధార్మికతతో పనికిరాకుండా చేయడమే అసలు పథకం అని విలన్ ముందే కూర్చుని తేలుస్తాడు. అంటే చేతులు కట్టేసి ఉన్నా నోరు, బుర్ర పనిచేశాయి. ఇప్పుడు వాదన 'గొప్పదా కాదా' నుంచి 'గూఢచారి అంటే చేసేవాడా, కనిపెట్టేవాడా' దాకా పోయింది. ఇక్కడిదాకా వచ్చాక ఎవరు గెలిచారన్నది ఎవరికీ పట్టదు.

ఎవరైనా మధ్యలో హీరో పేరుతో మొదలుపెడితే కోప్పడకుండా ఒకటే అడగండి, "ఏ సీన్‌లో?" సీను చెప్పలేకపోతే వాళ్ల వంతు అయిపోయినట్లే. మూర్ ముసలోడు అంటారు, సరే, ఎ వ్యూ టు ఎ కిల్ (1985) నాటికి ఆయనకు 57 ఏళ్లు, కానీ ముసలితనం సినిమాను చెడగొట్టిన చోటు ఏదో చూపించాలి. లాజెన్‌బీకి నటన రాదు అంటారు, అంతకుముందు మోడలే, సినిమా అనుభవం లేదు, నిజమే, అయితే ఆ సినిమా ఆఖరి సీను చూశాక అదే మాట మళ్లీ అనండి.

తప్పకుండా వచ్చే ఒక తగువు

'జేమ్స్ బాండ్' అనేది మనిషి పేరు కాదు, ఉద్యోగం పేరు, అందుకే మొహాలు మారుతున్నాయి అనే వాదన ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు తెస్తారు. ఇక్కడ 1969 సినిమా ముగింపు చెప్పక తప్పదు, చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. ఆ సినిమాలో లాజెన్‌బీ బాండ్ ట్రేసీని పెళ్లి చేసుకుంటాడు, పెళ్లిరోజే ఆమెను చంపేస్తారు. 1981లో ఫర్ యువర్ ఐస్ ఓన్లీ మొదట్లోనే రోజర్ మూర్ ఆమె సమాధి దగ్గర పూలు పెడతాడు. 1989లో డాల్టన్ సినిమాలో బాండ్ మిత్రుడు ఫెలిక్స్ లైటర్, బాండ్‌కూ ఒకప్పుడు పెళ్లయింది అని తన భార్యకు చెప్తాడు. మొహాలు మూడు, దుఃఖం ఒక్కరిదే. ఉద్యోగం పేరైతే వేరేవాడి భార్య సమాధికి ఇతనెందుకు పోతాడు? అవతలివాళ్ల దగ్గరా ఒక అస్త్రం ఉంది. 1967లో బాండ్‌ను ఎదురుగా చూసిన విలన్ బ్లోఫెల్డ్, 1969లో అతన్ని గుర్తుపట్టడు. అది మాత్రం సినిమాలో ఉన్న లొసుగే, ఒప్పుకోండి. క్రేగ్‌ది పూర్తిగా కొత్త మొదలు కాబట్టి ఆయన్ను ఈ లెక్కలోకి తేవద్దు.

బాగా పాతబడిపోయిన విషయాలు

వీటిని దాటేయొద్దు, ఫార్వర్డ్ కొట్టొద్దు. గోల్డ్‌ఫింగర్‌లో గుర్రాలశాల సీను ఈరోజు చూస్తే కడుపులో దేవినట్లుంటుంది, ఆ విమానాలామె వద్దంటున్నా బాండ్ ఆగడు. యు ఓన్లీ లివ్ ట్వైస్‌లో కానరీకి జపాన్ వాడి వేషం వేయడం, ఆక్టోపసీలో మనవాళ్ల చేతికి నోట్లు పెట్టి కూర గురించి జోకు వేయడం, ఇవన్నీ ఉన్నాయి. జట్టులో ఆడవాళ్లు ఉండాలన్నది ఇందుకే, ఈ సీన్ల దగ్గర వాళ్లు ముందు మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. "ఆ కాలం అట్లాంటిది" అని ఎవరైనా అంటే అదే కాలంలో, 1969 సినిమాలో వచ్చిన ట్రేసీని చూపించండి. డయానా రిగ్ చేసిన ఆ పాత్ర మంచు మీద కారు తోలి బాండ్ ప్రాణం కాపాడుతుంది. సిరీస్‌కు కూడా తన తప్పు తెలుసు. గోల్డెన్‌ఐలో జూడీ డెంచ్ మొదటిసారి బాండ్ పై అధికారి ఎమ్‌గా వచ్చి, ఆడవాళ్లను చిన్నచూపు చూసే కాలం చెల్లిన మనిషివని బాండ్ మొహం మీదే అంటుంది. ఆ సీనును గోల్డ్‌ఫింగర్ తర్వాత చూస్తే దాని బలం తెలుస్తుంది.

ర్యాంకులు

పదికి మార్కులు వేయొద్దు, అందరూ అన్నిటికీ ఏడు వేస్తారు. ప్రతి జంట తర్వాత రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగి చేతులు ఎత్తించండి. ఈ రెంటిలో బాగా తీసిన సినిమా ఏది? రేపు రాత్రి ఖాళీగా ఉంటే మళ్లీ పెట్టుకునేది ఏది? రెండింటికీ ఒకే జవాబు రాదు, ఆ తేడాను నోటుబుక్కులో రాయండి. స్కైఫాల్ బాగా తీసిన సినిమా అని నేను కళ్లు మూసుకుని చెప్తాను, కానీ మళ్లీ మళ్లీ పెట్టుకునేది డాల్టన్ చేసిన ది లివింగ్ డేలైట్స్. గెలిచినవాటిని మళ్లీ జంటలు చేసుకుంటూ పోతే ర్యాంకులు వాటంతటవే తేలతాయి. దసరా సెలవులకు ఊరొచ్చినవాళ్లతో కలిపి ఫైనల్ పెట్టుకోండి.

ఈ మధ్యలో ఎప్పుడైనా ఒక వారం మన కృష్ణకు కేటాయించండి. గూఢచారి 116 వచ్చింది 1966లో, డాక్టర్ నో తర్వాత నాలుగేళ్లకే, జయలలిత హీరోయిన్, మరుసటి ఏడాదే హిందీలో జితేంద్రతో ఫర్జ్‌గా మళ్లీ తీశారు. ఆంధ్రా జేమ్స్ బాండ్ అని కృష్ణకు పేరొచ్చింది దీంతోనే. దీన్ని డాక్టర్ నో పక్కన పెట్టి చూడండి. నకలు అని కొట్టిపారేసేముందు ఏది తెచ్చుకున్నారు, ఏది మనకు తగ్గట్టు మార్చుకున్నారు అని రాసుకోండి. గూఢచారి మధ్యలో ఆగి పాట పాడితే కథ బిగువు ఎక్కడ తగ్గింది, ఎక్కడ తగ్గలేదు అన్నది ఆ రాత్రికి ప్రశ్న. జట్టులో దాన్ని ఆ రోజుల్లో థియేటర్లో చూసినవాళ్లు ఉంటే ఆ ఒక్కరోజుకు రూలు మార్చి వాళ్లనే ముందు మాట్లాడనివ్వండి, జనం ఏ సీనుకు ఈలలేశారో అడిగి రాసుకోండి.